ఐదు లీటర్ల మనిషి

తుఫాను పెట్రోలు బంకు పేరు బోర్డునీ, పైకప్పు రేకుల్లో సగాన్నీ ఎత్తుకుపోయింది.

ఓనరుగారికి బెంగేమీ లేదు. తెల్లారేసరికి లీటరు రేటు రెట్టింపు చేసి, కాలు మీద కాలేసుకుని కుర్చీలో కూర్చున్నాడు.

"బావా, నిన్న ఈ రేటు లేదు కదా అని జనం తిట్టిపోస్తున్నారు," అన్నాడు పంపు దగ్గరున్న బావమరిది.

"నిన్నటి రేటు కావాలంటే నిన్న రమ్మను."

తన మాటకి తనే పడీపడీ నవ్వుకున్నాడు మహానుభావుడు.

ఆయన బాధల్లా ఒకటే. ట్యాంకులో సరుకు అడుగంటుతోంది. డిపో నుంచి రావాల్సిన లోడు ఇంకా రాలేదు. రేపటికి దారులు బాగుపడి అన్ని బంకులకీ లోడ్లు వచ్చేస్తే రేటు మళ్ళీ నేల మీదికి దిగాల్సిందే. ఈ ఒక్క లోడు ఇవాళే వచ్చిందా, ఏడాది సంపాదన ఒక్క పూటలో ఒళ్ళో పడుతుంది.

అప్పుడొచ్చాడు ఆ మనిషి. మోకాళ్ళ దాకా బురద. ఒక చేతిలో చెప్పులు, ఇంకో చేతిలో ప్లాస్టిక్ డబ్బా.

"సార్, ఐదు లీటర్ల డీజిల్ కావాలి."

"డబ్బాలో పోస్తే మూడింతలు."

"మూడింతలా! నా దగ్గర అంత లేదు సార్. లోడు బండి, వంతెన అవతల ఆగిపోయింది. నీళ్ళు అంచు దాకా వచ్చేశాయి. ఇప్పుడు దాటకపోతే..."

"ఏం లోడోయ్? బంగారమా?"

"కాదు సార్, అది..."

"పొద్దుట్నుంచీ ఇది నాలుగో కథ. ఒకడి పెళ్ళానికి నొప్పులు, ఒకడి చెల్లెలికి పెళ్ళిచూపులు, ఒకడైతే ఏకంగా మంత్రిగారి తోడల్లుడు! నీకేమో వంతెన. డబ్బుల్లేనివాడికి బండెందుకయ్యా?"

అప్పటిదాకా తిట్టుకుంటూ నిలబడ్డ క్యూలో కూడా ఇద్దరు నవ్వారు. సిగ్గులేని జన్మలు!

"సరుకు నాది కాదు సార్, పరాయివాళ్ళది. నన్ను నమ్మి అప్పజెప్పారు. పోనీ, రెండు లీటర్లైనా పోయించండి."

"అయితే ఆ పరాయివాణ్ణే పోయి అడుక్కో."

బావమరిది గొట్టం అందుకున్నాడు. "పాపం, అంత దూరం నడిచొచ్చాడు బావా. నా జీతంలో పట్టుకో."

"నీ జాలి మీ అక్క దగ్గర చూపించుకో. పెట్టు గొట్టం!"

ఆ మనిషి తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. ఖాళీ డబ్బాతో వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

"చూశావా పొగరు!" అన్నాడు ఓనరు. "వస్తానని ఒక్క మాటైనా చెప్పకుండా పోయాడు."

మధ్యాహ్నానికి ట్యాంకు ఎండిపోయింది. క్యూ చూస్తే రోడ్డు మలుపు దాటింది. అంత గిరాకీ కళ్ళ ముందు పెట్టుకుని అమ్మడానికి చుక్క లేకపోయేసరికి ఓనరు ప్రాణం గిలగిల్లాడింది. డిపోకి ఫోన్ చేశాడు.

"నా లోడు ఎక్కడ చచ్చింది?"

"పొద్దున్నే మీ ఊరి వంతెన దాకా వచ్చిందండీ," అన్నాడు గుమాస్తా. "చుట్టుదారిన తిరగడంతో ట్యాంకరు నడవడానికే డీజిల్ లేకుండా పోయింది. ఇప్పుడా వంతెన మునిగింది. అటువైపు ఎవరో ట్రాక్టరాయన డబ్బులు తీసుకోకుండా డీజిల్ పోశాట్ట. బండిని వెనక్కి తిప్పి పక్క ఊరి బంకులో దింపించేశాం. మీకు ఇంకో వారం పడుతుంది."

ఓనరుకి బురద కాళ్ళూ, డబ్బా కళ్ళ ముందు కదిలాయి. అయినా నోరు ఊరుకుంటుందా?

"వాడికి బుర్రుందా అసలు? వెనకాల పన్నెండు వేల లీటర్లు మోసుకొస్తున్నాడు, అందులో సగం డీజిలే! ఓ ఐదు లీటర్లు తీసి బండిలో పోసుకుంటే వాడి సొమ్మేం పోయింది?"

"డ్రైవరు కొత్తవాడండీ, మీ బంకు ఎప్పుడూ చూళ్ళేదు. నేనూ ఫోన్లో ఆ మాటే చెప్పాను, వింటేగా!" నిట్టూర్చాడు గుమాస్తా. "'సీలు వేసిన సరుకు, బంకాయనది. ఆయన్ని అడక్కుండా చుక్క కూడా ముట్టుకోను' అని, డబ్బా పట్టుకుని మీ ఊళ్ళోకి నడిచొచ్చాడు."