రెండు నిమిషాలు ఒంటరిగా

"క్లైమాక్స్ బయటికొచ్చేసింది సార్! ఆటోవాళ్ల ఫోన్లలో కూడా అదే ఆడుతోంది!"

నిర్మాత పట్టాభిరామయ్య చేతిలో కాఫీ కప్పు నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

శుక్రవారం రిలీజ్. హంతకుడెవరో చివరి రీలులోనే తెలుస్తుంది. సినిమాకున్న బలమంతా ఆ ముక్కే. జూబ్లీ హిల్స్ ఇల్లు తాకట్టు పెట్టి తీసిన సినిమా అది.

ఫిలిం నగర్ ఆఫీసు మొత్తం ఆయన గదిలోకి వచ్చి పడింది.

"ఎవడ్రా చేసింది?"

మేనల్లుడు సుహాస్ బీపీ మాత్ర, మంచినీళ్లు తెచ్చి చేతికిచ్చాడు.

"ముందు ఇది వేసుకోండి మామయ్యా. మనవాళ్లెవరూ ఇలాంటి పని చెయ్యరు. ఈ ఆఫీసులో బయటిమనిషి ఒక్కరే."

అందరి కళ్లూ గుమ్మం వైపు తిరిగాయి.

అక్కడ జెరూష నిలబడి ఉంది.

వారం కిందట వచ్చిందా అమ్మాయి. ఆఫీసు కంప్యూటర్లలో ఒక ఏఐ ఏజెంట్ ఉంది. సుహాసే పెట్టించాడు. "రీరికార్డింగ్‌కి ఫలానా సీను పంపు" అని నోటితో చెబితే చాలు, పంపేస్తుంది. దాని చేతికి సీన్లు పంపడానికి ఒక టూలు, దాచడానికి ఇంకొకటి, డబ్బింగ్ థియేటర్ బుక్ చేయడానికి మరొకటి. ఏది దేనికో, ఎలా వాడాలో పక్కన నాలుగు వాక్యాల వివరణ. ఏజెంట్ ఆ వాక్యాలు చదువుకుని పని చేస్తుంది. అవి సరిగ్గా ఉన్నాయో లేదో పరీక్షలు పెట్టి మార్కులు వేయడం జెరూష పని. సినిమా కొన్న ఓటీటీ వాళ్లు పట్టుబట్టి పంపించారు.

"నాలుగు ముక్కలకి మార్కులెయ్యడానికి ఒక మనిషా?" అని మొదటిరోజే నవ్వాడు పట్టాభిరామయ్య.

"అది మనుషుల్ని చూడదు సార్. రాసినదాన్ని నమ్ముతుంది. ఎవరు రాశారని కూడా అడగదు," అంది జెరూష.

నిన్న సాయంత్రం ఆయన కారెక్కబోతుంటే ఆయాసపడుతూ ఎదురొచ్చింది.

"రెండు నిమిషాలు మీతో ఒంటరిగా మాట్లాడాలి సార్. మీవాళ్లెవరూ లేకుండా."

ఫిలిం నగర్‌లో ఆ మాట ఆయనకి కొత్త కాదు. డ్రైవర్లు, డాక్టర్లు, చివరికి ఇంట్లో పూజకొచ్చిన పంతులుగారూ అలాగే మొదలుపెట్టి వేషం అడిగారు. సుహాస్ కూడా ఒకరోజు తలుపేసి, "ఈసారి హీరో నేనే మామయ్యా" అన్నాడు. నవ్వేసి ఆఫీసు తాళాలు చేతిలో పెట్టాడాయన.

"ఫొటోలు పైన ఇచ్చి వెళ్లమ్మా. చెల్లెలి వేషం ఏదైనా ఉంటే చూద్దాం," అన్నాడు జెరూషతో.

డ్రైవర్ కిసుక్కున నవ్వాడు. కారు కదిలింది.

ఇప్పుడు అదే గుర్తొచ్చి ఆయన కళ్లు ఎర్రబడ్డాయి.

"ఏమ్మా, వేషం ఇవ్వలేదనేనా నా సినిమా అమ్మేశావ్?"

"వేషమా?" జెరూష మొహం పాలిపోయింది. ఒక్కసారి సుహాస్ వైపు చూసి, మళ్లీ ఆయన వైపు తిరిగింది. "పేరు నేను చెబితే మీరు నమ్మరు సార్. ఏజెంట్‌నే అడగండి, క్లైమాక్స్ ఎవరికి పంపావని. మీ నోటితో మీరే అడగండి."

"పొద్దున్నే నేను చెక్ చేశాను మామయ్యా, అంతా క్లీన్," అన్నాడు సుహాస్. "ఈవిడ టైమ్ లాగుతోంది."

"బయటికి నడు," అన్నాడు పట్టాభిరామయ్య.

సెక్యూరిటీవాడు ఆమె బ్యాగు లాక్కుని అందరి ముందూ బల్ల మీద కుమ్మరించాడు. టిఫిన్ డబ్బా, చిన్న బైబిలు, దువ్వెన. ఒక్కొక్కటే ఏరుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి ఆమె ఫొటో ఛానెళ్లన్నిటికీ పాకింది. పోలీస్ స్టేషన్‌కి రమ్మని చెప్పడానికి ఆమె ఉండే రహమత్ నగర్ వెళ్లిన డ్రైవర్ ఒక్కడే తిరిగొచ్చాడు.

"కిరాయి ఇంట్లకెళ్లి ఎల్లగొట్టిన్రు సార్. నేను పొయ్యేసరికి సామాను ఆటోల పెడుతున్నది. ఏడ్వలే, తిట్టలే. 'మీ సార్ దాన్ని అడిగిండా?' అని ఒక్కటే అడిగింది."

సుహాస్ పోలీసు కంప్లైంట్ తెచ్చి ముందు పెట్టాడు. "సంతకం పెట్టండి మామయ్యా."

పట్టాభిరామయ్య పెన్ను తీశాడు. కాగితం మీద ఆనించాడు. మళ్లీ పైకెత్తాడు.

ఆయన ఏనాడూ ఆ ఏజెంట్‌తో నేరుగా మాట్లాడలేదు. ఆయన సుహాస్‌కి చెప్పడం, సుహాస్ దానికి చెప్పడం.

బల్ల మీది స్పీకర్ వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు. "ఏమయ్యా ఏజెంటూ..."

"ఇప్పుడెందుకు మామయ్యా!" సుహాస్ చెయ్యి ఆయన భుజం మీద పడింది.

"క్లైమాక్స్ ఎవరికి పంపావు?"

స్పీకర్ పలికింది. "రీరికార్డింగ్ థియేటర్‌కి సార్. ఇంకో నంబరుకి కూడా ఒక కాపీ పంపాలని టూలు వివరణ చివర్లో ఉంది. అదీ పంపాను."

"ఈ మాట ఇంకెవరికైనా చెప్పావా?"

"నిన్న సాయంత్రం పరీక్ష పెట్టి జెరూష గారు అడిగితే చెప్పాను సార్. 'సార్ కారెక్కకముందే చెప్పాలి' అంటూ కిందికి పరిగెత్తారు."

కిందనుంచి డ్రైవర్ నవ్వు మళ్లీ వినిపించినట్టయింది ఆయనకి.

"ఆ నంబరు ఎవరిది?"

భుజం మీది చెయ్యి మెల్లగా జారిపోయింది.

"సుహాస్ గారిది సార్."