విడిభాగం నంబరు 183

“ఈ క్యారియరు మా కంపెనీది కాదు. తీసేయల్ల,” అన్నాడు ఉమాపతి.

మదనపల్లె మార్కెట్ యార్డులో పది మోపెడ్లు పందేనికి వరుసగా నిలిచాయి. నాలుగు క్రేట్ల టమోటాలు కట్టుకొని, ఒక్క కాయ జారకుండా, యార్డు చుట్టూ మూడు చుట్లు తిరగాలి. మొదట వచ్చినవారికి వెంకటరమణప్ప మండీ సరుకును ఏడాదిపాటు తోలే పని దక్కుతుంది. రెండేళ్లుగా ఆ పని కృపమ్మది. ఆమె కుటుంబం తింటున్నది ఆ పని మీదనే. ఆమె గెలుస్తున్నది, కురబలకోటలో వెల్డింగు చేయించిన ఆ వెడల్పాటి క్యారియరు వల్లనే.

ఈ ఏడు పందెం ఖర్చు భరించినవాడు మోపెడ్ షోరూం యజమాని ఉమాపతి. నియమాలు రాసినవాడు ఉమాపతి. బండ్లను పరీక్షించేవాడూ ఉమాపతే. కృపమ్మ బండి కూడా ఆ కంపెనీదే కాని, పదకొండేళ్ల నాటిది. తక్కిన తొమ్మిదీ ఆ వారమే అతని షోరూం గడప దాటాయి.

“పోయినేడు గూడా ఇదే క్యారియరే గదా సార్?”

“పోయినేడు రూల్సు లేవు. వెంకటరమణప్పా, తొమ్మిదోది సదవండి.”

న్యాయనిర్ణేత వెంకటరమణప్ప తలమీద కంపెనీ టోపీ ఉంది. ఆయన చదివాడు: “కంపెనీ కేటలాగులో లేని వస్తువేదీ బండిమీద ఉండరాదు.”

కృపమ్మ స్పానరు అడిగి తీసుకొని క్యారియరు విప్పింది. తరువాత అద్దం విప్పించారు. సీటు తొడుగు తీయించారు. హారను సైతం ఊడదీయించారు.

“ఇంగ నా చెప్పులుండాయి సార్. అవీ ఇడిసేదా?”

“ఎగతాళి వద్దమ్మా. పదోది సదవండప్పా.”

“కేటలాగులో ఉన్న ప్రతి భాగమూ బండికి ఉండితీరాలి.”

ఆమె బండికి చీరగార్డు లేదు. ఏనాడో విప్పి అటకెక్కించినదాన్ని ఇంటినుంచి తెప్పించి బిగించింది. చేతులు తుడుచుకొని, తక్కిన తొమ్మిది బండ్లనూ తీరిగ్గా పరిశీలించింది.

“తొమ్మిదో రూలు అందరికీనా సార్?”

“అందరికీ.”

“అయితే ఆ నిమ్మకాయలు ఏ పేజీలో ఉండాయో సూపించండి.”

ప్రతి కొత్త బండి హ్యాండిలుకూ ఒక నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు, నల్లదారం. షోరూంలో పూజ చేయించి స్వహస్తాలతో కట్టినవాడు ఉమాపతి.

“ఒక్క అరగంట తీసేయండప్పా,” అన్నాడతడు.

“పందెం ముందర దిష్టికాయ తీసేదా? బండి బోల్తా పడితే ఎవురు సూస్తారు?” అన్నాడు మొదటి బండిమీది జగదీష్. “కట్టింది నువ్వే గదప్పా. నువ్వే తీయి.”

ఉమాపతి చేయి నిమ్మకాయకు అంగుళం దూరం దాకా వెళ్లింది. వెనక్కి వచ్చి జేబులో దాక్కుంది.

“అట్లయితే తొమ్మిదీ బయటికే. మిగిలేది కృపమ్మ ఒకత్తే,” అన్నాడు వెంకటరమణప్ప.

జేబులో దాక్కున్న చేయి కలంతో బయటపడింది. కేటలాగులోని చివరి భాగం నంబరు 182. దాని కింద ఉమాపతి గుండ్రటి అక్షరాలతో రాశాడు: ‘183. నిమ్మకాయ, ఒకటి. మిరపకాయలు, ఏడు.’ సంతకం చేసి, షోరూం ముద్ర వేశాడు.

“ఇదేందప్పా?” అన్నాడు వెంకటరమణప్ప.

“సవరణ.”

ఆయన టోపీ సర్దుకొని, సవరణ చెల్లుతుందన్నాడు.

“ఇప్పుడు పదోది ఇంగొకతూరి సదవండి,” అన్నాడు ఉమాపతి, కృపమ్మ బండి బోసి హ్యాండిలును చూస్తూ.

మిషన్ చర్చిలో ఒక్క ఆదివారం ఆరాధనా తప్పని మనిషి కృపమ్మ. అర నిమిషం ఆలోచించింది.

“నిమ్మసెట్టును పుట్టించింది గూడా ఆ ప్రభువే గదా,” అని, గేటు దగ్గర కూరగాయలమ్మే మునీశ్వరి గంపలోంచి ఒక కాయ, ఏడు మిరపకాయలు కొని, దారానికి గుచ్చి, హ్యాండిలుకు కట్టింది. క్రేట్లను తాళ్లతో బిగించి, బండి స్టార్టు చేసింది. వెంకటరమణప్ప జెండా ఎత్తాడు.

ఉమాపతి అడ్డంగా పరుగెత్తుకొచ్చాడు. కేటలాగు చంకలో పెట్టుకొని, వంగి, కాయను నాలుగు వైపులా నిదానంగా పరీక్షించాడు.

“ఈ నిమ్మకాయ మా కంపెనీది కాదు. తీసేయల్ల.”