వేడన్నం

"బంతి లేచినాక నువ్వొక్కదానివే కూర్చుని తింటావా? సిగ్గుండాల!" అంటూ నాగేంద్రమ్మ కోడలి ముందున్న విస్తరిని మడిచేసింది.

విస్తరిలో వడ్డించిన అన్నం వడ్డించినట్టే ఉంది. భాగ్య అప్పటిదాకా ఆడబిడ్డ పిల్లలిద్దరికీ, తన కొడుక్కీ కలిపి తినిపించింది. తను ముద్ద కలపబోయేసరికి అత్త, మొగుడు, ఆడబిడ్డ విజయ చేతులు కూడా కడుక్కుని వచ్చేశారు. అదేమీ పెళ్ళిబంతి కాదు, పెద్దదోర్నాలలో శ్రీశైలం రోడ్డు మీది భోజన హోటలు. కానీ నాగేంద్రమ్మ ఎక్కడ కూర్చుంటే అక్కడే బంతి.

"రెండు ముద్దలు తిననియ్యమ్మా," అంది గరిటె పట్టుకుని నిలబడ్డ హోటలామె దాసమ్మ.

"నిన్న మహానందిలో తిన్లేదా, పొద్దున గిద్దలూరులో తిన్లేదా? యాత్రకు వచ్చిందా, మెక్కడానికి వచ్చిందా?"

మహానందిలో భాగ్య తిన్నది పిల్లలు వదిలేసిన పూరీ ముక్కలు. గిద్దలూరులో చల్లారి అట్టలా అయిన దోసె, అదీ బండిలో, వాంతి చేసుకుంటున్న పిల్లను ఒక చేత్తో పట్టుకుని. ఆ సంగతి మొగుడు వెంకటకృష్ణకు తెలుసు. తెలిసీ పళ్ళు కుట్టుకుంటూ బయటికి నడిచాడు.

భాగ్య లేచింది. కొడుకును తీసుకెళ్ళి ముందున్న వ్యాన్‌లో అత్త ఒళ్ళో కూర్చోబెట్టింది. వెనక కార్లో ఉన్న మొగుడికీ విజయకూ మంచినీళ్ళ సీసా అందించింది. తర్వాత చెయ్యి కడుక్కోవడానికి హోటలు వెనక కుళాయి దగ్గరికి పోయింది.

తిరిగి వచ్చేసరికి రోడ్డు మీద రెండు బండ్లూ లేవు.

"ఓయమ్మో! మనిషిని వదిలేసి పోయినారే!" దాసమ్మ గుండెలు బాదుకుంది. "ఫోన్ చెయ్ తల్లీ!"

"అడవిలో సిగ్నల్ ఉండదక్కా."

"ఏం మనుషులే వీళ్ళు! సంచులనన్నా లెక్కబెట్టుకుని ఎక్కించుకుంటారు గదా!"

ఆ కోపం మీదే దాసమ్మ కొత్త విస్తరి వేసింది. అప్పుడే వార్చిన అన్నం, ముద్దపప్పు, నెయ్యి, గోంగూర, అప్పడాలు. పొగలు కక్కే అన్నంలో వేళ్ళు చురుక్కుమంటే భాగ్య నవ్వింది. ఇల్లు కదిలాక ఆమె నవ్వడం అదే మొదలు.

రెండోసారి అన్నం వేయించుకుంటుండగా ఫోన్ మోగింది. దారిలో ఎక్కడో సిగ్నల్ తగిలి, బండ్లు రెండూ ఆపినట్టుంది. వెంకటకృష్ణ అరుపు దాసమ్మకు కూడా వినబడింది.

"బుద్ధుందా నీకు? బండెక్కలేదని చెప్పాల్నా వద్దా?"

"ఎవరికి చెప్పాల? బండ్లే లేకపాయె."

వెనకనుంచి నాగేంద్రమ్మ కూతురి మీద, విజయ తల్లి మీద విరుచుకుపడుతున్నారు. తప్పు నీదంటే నీదని ఒకటే రభస.

"ఆడనే కూర్చో. వెనక్కి తిప్పుకుని వస్తన్నా, గంట పడ్తది. కదిలినావంటే కాళ్ళిరగ్గొడ్తా!"

"కదలను," అంది భాగ్య బుద్ధిగా. ఫోన్ పెట్టేసి విస్తరి దగ్గరికి జరుపుకుంది. "ఇంకొంచెం పప్పు ఎయ్యక్కా."

దాసమ్మకు కళ్ళనీళ్ళు తిరిగాయి. "రెండు బండ్ల నిండా మనుషులుండారే. ఒక్కరికన్నా నువ్వు గుర్తు రాలేదా తల్లీ?"

భాగ్య తీరిగ్గా అప్పడం విరిచింది.

"ముందు బండోళ్ళకు వెనక బండిలో వస్తానని, వెనక బండోళ్ళకు ముందు బండెక్కుతానని చెప్పింది నేనే గదక్కా."