బావమరిది ఎడమచెయ్యి

"బేస్ వాయించేది నేనైతే, నీ ఎడమచెయ్యి కీబోర్డు మీద నా స్వరాలే ఎందుకు వాయిస్తోంది?"

పబ్బు తెరవడానికి ఇంకా గంట ఉంది. రిహార్సల్ మధ్యలో ఆపేసి మా బావమరిదిని నిలదీశాను.

వాడు డ్రమ్మర్ వైపు చూశాడు. నాకు ఒళ్లు మండింది. మూడు వారాలుగా ఇదే వరస. నేను రాగానే ఇద్దరూ మాటలు మింగేస్తున్నారు. పద్దెనిమిదేళ్లుగా ఈ బ్యాండులో బేస్ గిటార్ నాదే మరి.

"నన్ను తప్పించాలనుంటే మొహం మీదే చెప్పండ్రా!"

"ఛ, అదేం లేదు బావా."

"అయితే ఆ చెయ్యి తీసెయ్. నేనొక్కణ్ణే వాయిస్తా."

"వద్దు బావా," అన్నాడు మెల్లగా.

డ్రమ్మర్ మాత్రం తల దించుకుని తాళం అందుకున్నాడు. బావమరిది ఎడమచెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు.

మొదట్లో బాగానే నడిచింది. పల్లవి చివర నా ఉంగరపు వేలు తీగ మీద పడింది గానీ, స్వరం పలకలేదు. రెండోసారీ అక్కడే ఖాళీ. మూడోసారీ అంతే.

నేనే ఆపేశాను.

"ఎన్నాళ్ల నుంచి?"

"మూడు నెలలు," అన్నాడు డ్రమ్మర్. "నీకెలా చెప్పాలో తెలీక వాడే పూడుస్తున్నాడు."

"అక్కకి కూడా చెప్పలేదు బావా."

వేళ్లకు కాయలు కాసి మొద్దుబారాయని ఇన్నాళ్లూ అనుకున్నాను. మొహం పక్కకు తిప్పుకుని వాడి ముందు చెయ్యి చాపాను.

"ఆ వేలు గట్టిగా నొక్కు."

నొక్కు తగలడం కోసం ఆగాను.

"నొక్కమన్నానా?"

"నొక్కుతూనే ఉన్నా బావా."