నాన్నకు నచ్చిన గ్లాసు

మహాలయ అమావాస్య మధ్యాహ్నం సుగటూరులో అన్నదమ్ములిద్దరూ చెరో సీసా పట్టుకుని వాదులాటకు దిగారు.

అన్న నంజుండప్ప తెచ్చింది రమ్ము. తమ్ముడు జయరామ్ తెచ్చింది విస్కీ. జయరామ్ రాబర్ట్‌సన్‌పేటలో కాపురముంటూ మారికుప్పం రైల్లో బెంగళూరు ఉద్యోగానికి పోయి వస్తాడు. అందుకే అతని సీసాకు అట్టపెట్టె కూడా ఉంది.

బంగారు గనిలో పనిచేసి పోయిన తండ్రి సొన్నప్పకు ఏటా ఈ రోజున పటం ముందు కోడికూర, రాగిముద్ద, గ్లాసు రమ్ము పెట్టి తలుపు మూస్తారు. కాసేపాగి తెరుస్తారు. గ్లాసు తగ్గితే పెద్దాయనకు తృప్తి. నిరుడు చుక్క తగ్గలేదు. ఆ తర్వాత వేసిన బోరులో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. టమోటా తోట నిలువునా ఎండింది.

సోమవారం బోరు లారీ మళ్లీ వస్తోంది. ఈసారీ నీళ్లు పడకపోతే భూమి బీడు పెట్టుకోవడమే. తూర్పు గట్టున వేయాలంటాడు అన్న. కళ్లం పక్కన వేయాలంటాడు తమ్ముడు.

“ఆ కళ్లం పక్కన ఎండాకాలంలో కూడా గరిక పచ్చగా ఉండాదప్పా...” అంది తల్లి మునివెంకటమ్మ, పొయ్యి ఊదుతూ.

“నువ్వుండమ్మా. బోరు సంగతి నీకేం తెలుసు?” అన్నాడు నంజుండప్ప.

ఆమె కూర కలిపింది. నిరుడు పండక్కి కూతురి కాన్పని శ్రీనివాసపురంలో ఉండిపోయింది. అందుకని ఈ ఏడు వంటంతా ఆమె నెత్తినే పడింది.

చివరికి ఒప్పందం కుదిరింది. ఎవరి మందు గొప్పదైతే వాళ్లు చెప్పిన చోటే బోరు. మార్కులు వేసేది బావ ఆవులప్ప.

“పెద్దలకు పెట్టేదాన్ని ముందే తాగితే ఎంగిలి కాదా బావా?” అన్నాడు నంజుండప్ప.

“ఎంగిలయ్యేది గ్లాసప్పా, సీసా కాదు,” అని ఆవులప్ప శాస్త్రం తేల్చేశాడు.

విస్కీ వాసన చూసి, ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. “ఇదేందప్పా, కాలిన కట్టె మీద టించరు పోసినట్టుండాది!”

“పీటెడ్ అంటారు బావా. మట్టిపెళ్లలు కాల్చి ఆ పొగకు బార్లీ ఆరబెడతారు. అట్లా చేసిన విస్కీలు రెండు మూడు కలిపి చేసినారు.”

“మట్టిని కాల్చేదేందిరా? ఆ దేశంలో కట్టెల్లేవా?” అన్నాడు నంజుండప్ప.

“పదికి రెండు,” అన్నాడు ఆవులప్ప. రమ్ముకు ఏడు వేశాడు. జయరామ్ మొహం వాడిపోయింది.

అయితే ఆవులప్ప న్యాయం తెలిసిన మనిషి. ఒక్క గుక్కతో తీర్పు చెప్పడం పాపమని ఇంకోసారి పోయించుకున్నాడు. విస్కీకి అయిదు వచ్చింది. మరోసారి పోయించుకుంటే ఎనిమిది వచ్చింది. ఆ తర్వాత రెంటికీ పదికి పన్నెండు చొప్పున వేసి, గోడకు ఒరిగి గురక పెట్టాడు.

“ఇంగ నాన్నే చెప్పాల,” అన్నాడు నంజుండప్ప.

పటం ముందు రెండు గ్లాసులు పెట్టారు. ఏ గ్లాసు తగ్గితే ఆ కొడుకు మాటే నెగ్గినట్టు. ఇద్దరూ దండం పెట్టుకున్నారు.

“మీరు నడవండప్పా, దీపంలో నూనె పోసి వస్తాను,” అంది మునివెంకటమ్మ. కాసేపటికి ఆమె కూడా బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

తలుపు తెరిచేసరికి రమ్ము పోసింది పోసినట్టే ఉంది. విస్కీ గ్లాసు అడుగంటా ఖాళీ.

నంజుండప్ప కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. “గనిలో దిగిన కాన్నుంచి రమ్ము తప్ప ముట్టని మనిషి. పైకి పోయినాక రుచి మారినాది. కానీరా, కళ్లం పక్కనే వేయిద్దాం.”

జయరామ్ పటానికి సాష్టాంగపడి లేచాడు. ఇద్దరూ బావను లేపడానికి వెళ్లారు.

గ్లాసులు తీయడానికి ఒంటరిగా లోపలికి వచ్చిన మునివెంకటమ్మ కొంగుతో మూతి తుడుచుకుని, పటం వైపు చూసి మెల్లగా అంది: “ఏటా తాగే రమ్మే నాకు బాగుంటాది గానీ, ముక్కు మూసుకోని ఈ పొగకంపు మింగకపోతే కళ్లం పక్కన బోరు వేయమంటే నా మాట ఎవరింటారు?”