పిడుగు పరుగు చూడాలనుకున్న మేక

పందెం గుర్రాల శాలలో చుక్కమ్మ అనే ముసలి మేక ఉండేది. పిడుగు అనే కుర్ర గుర్రానికి తోడుండడమే ఆమె పని. ఒంటరిగా కట్టేస్తే వాడు వణికిపోయేవాడు, గడ్డి ముట్టేవాడు కాదు. పక్కన చుక్కమ్మ గడ్డం ఆడిస్తూ నెమరు వేస్తుంటే మాత్రం కడుపునిండా తిని హాయిగా కునుకు తీసేవాడు.

అంత పిరికివాడూ వరసగా తొమ్మిది పందేలు గెలిచాడు! గెలిచినప్పుడల్లా మెడలో పూలదండతో ఆమె దగ్గరికి ఉరికొచ్చేవాడు. ఆ దండను చుక్కమ్మ తీరిగ్గా నమిలేది.

"ఒక్కసారి వాడి పరుగు కళ్ళారా చూడాలమ్మా," అని పక్క గదిలోని ఆడగుర్రంతో రోజూ అనేది.

పెద్ద కప్పు పందెం రోజు ట్రైనర్‌కి ఒక ఆలోచన వచ్చింది. మేక ఎదురుగా ఉంటే పిడుగు బెదరడనుకున్నాడు. చుక్కమ్మను మైదానానికి తోలుకెళ్ళి, గుర్రాలు బయలుదేరే చోటే కంచెకు కట్టేశాడు. మనుషుల తెలివి మనుషులది.

గంట మోగింది. గుర్రాలన్నీ దుమ్ము రేపుకుంటూ దూసుకుపోయాయి. పిడుగు మాత్రం, జాకీ ఎంత అదిలించినా వినకుండా, తిన్నగా కంచె దగ్గరికొచ్చి చుక్కమ్మ చెవి నాకాడు.

"ఇదేం పనిరా! అందరూ వెళ్ళిపోయారు, పరిగెత్తు!" అని ఆమె గాభరాపడింది.

పిడుగు ఆమె మెడ మీద తల ఆనించాడు.

"ఎక్కడికి పిన్నీ? పందెం తొందరగా అయిపోతే నీ దగ్గరికి తీసుకొస్తారనేగా ఇన్నాళ్ళూ అంత పరిగెత్తింది!"