వానకాలపు మద్ది చెక్క

“నెల రోజులసంది కషాయం తాపుతున్న, మా ఆయనకు ఆయాసం తగ్గుతలేదన్నా!”

చంద్రమ్మ కొంగు మూట విప్పి, మాదన్నపేట మూలికల కొట్టు గల్లా మీద తెల్లమద్ది చెట్టు బెరడు చెక్క కుమ్మరించింది.

“నీ దగ్గర కొన్నది తాగినప్పుడు మంచిగనే ఉండె. అది అయిపోయిందంటివి. జల్‌పల్లిల మా ఇంటి ముంగటి చెట్టుకే తీసిన.”

కొట్టు యజమాని బాలకిషన్ ఒక ముక్క నమిలి, పక్కకు ఉమ్మేశాడు.

“వగరే లేదు. వానలల్ల తీసినవా?”

“అవ్. వానలు పోయేదాక ఆయన పానం ఆగుతదా?”

“వానలకు చెక్కల నీరు చేరుతది, మందు పలుచనైతది. నేను మాఘంల తీసిందే అమ్ముత. ఫికర్ చెయ్యకు. డాక్టర్ గోళీలు మాత్రం ఆపకు. చెట్టు నీదే గద, మాఘంల మళ్ల తీసుకో.”

చంద్రమ్మ మొహం కొంచెం తేటపడింది.

“గీ నాల్గు నెలలు ఎట్లనన్న కాపాడుకుంట.”

“తీసేటప్పుడు ఒక్క దిక్కే తియ్యాలె. అరచెయ్యంత, గంతే.”

ముక్కలు సర్దుతున్న ఆమె చేతులు ఆగిపోయాయి.

“నేను చుట్టూ తీసిన. మస్తు తాపితే జల్ది తగ్గుతదని.”

“ఆకులు మంచిగున్నయా?”

“రాలుతున్నయ్. వానలకేమో అనుకున్న.”

బాలకిషన్ తలదించుకున్నాడు. “చుట్టూ తీస్తే చెట్టు బతకది చెల్లె.”

చంద్రమ్మ గల్లా మీది ముక్కలన్నీ, పొట్టుతో సహా, కొంగులోకి ఏరుకుంది.

“వీటిని మళ్ల చెట్టుకు పెట్టి, చీరెతోని గట్టిగ కడితే అంటుకుంటయా అన్నా?”